వలలో పోయిన డాల్ఫిన్, ఒంట్లో మోసిన మందులు: వశిష్ఠ మొగ దగ్గరి ఒక కేసు

దాళ్వా, అంటే రెండో పంట వరి, ఊడ్పుల రోజులు. గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే మొగకు తూర్పున, సరుగుడు తోపుల ముందు ఇసుక మీద ఆడ మూపు డాల్ఫిన్ (హంప్‌బ్యాక్ డాల్ఫిన్) ఒకటి చచ్చి పడి ఉందని తెల్లవారుజామున కబురొచ్చింది. ముక్కు కొస నుంచి తోక రెక్కల మధ్య నొక్కు దాకా 2.31 మీటర్లు. కళ్లు ఇంకా లోతుకు పోలేదు, కడుపు ఉబ్బలేదు, నాలుక బయటికి రాలేదు. వీపు మీద ఎండ తగిలిన చోట మాత్రం చర్మం పొరలుగా లేస్తోంది. రాత్రి పోటు వదిలిన చెత్త గీత మీదే పడి ఉంది కాబట్టి ఆ పోటుకే ఒడ్డుకు చేరిందన్నమాట. ఊరి పేరు, తేదీ ఇక్కడ ఇవ్వడం లేదు. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: నీళ్లలో మందు కలిసింది, అందుకే చచ్చింది. చేల మందని కొందరు, రొయ్యల చెరువుల మందని కొందరు, గ్యాసు బావుల వల్లని ఇంకొందరు. ఆ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లిన గోదారి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల చేలన్నీ తడిపి, మిగిలింది శంకరగుప్తం లాంటి డ్రైన్ల గుండా సముద్రంలో పడుతుంది. చెరువులు ఖాళీ చేసిన నీళ్లదీ అదే దారి. మూపు డాల్ఫిన్ లోతు సముద్రానికి పోయే జాతి కాదు. మొగల దగ్గర, ఒడ్డు వెంబడి లోతు తక్కువ నీళ్లలోనే తిరిగి, ఆ బురదలో మేసిన చేపల్నే తింటుంది. డెల్టా వదిలేసిన మందుల లెక్క ఎక్కడైనా కూడుతుందంటే దీని కొవ్వులోనే కూడాలి.

అయితే ఈ జంతువు ఎలా చచ్చింది అన్నది ఒక ప్రశ్న, బతికుండగా ఒంట్లో ఏం మోసింది అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిపేస్తే రెండిటికీ తప్పు జవాబే వస్తుంది. మొదటిదానికి జవాబు ఆ పూటే దొరికింది: వలలో చిక్కి ఊపిరాడక పోయింది. అది వినగానే జనంలో కొందరు "అయితే ఇంక పరీక్షలెందుకండీ" అన్నారు. అప్పుడే పరీక్షలు ఎక్కువ అవసరం. జబ్బుతో చిక్కి చచ్చిన డాల్ఫిన్ కన్నా, ముందురోజు దాకా తిని తిరిగి వలలో పడ్డ డాల్ఫినే అక్కడి మిగతా మందకు దగ్గరగా ఉంటుంది. దాని కొవ్వులో దొరికే అంకె మందకు వర్తించే అవకాశం ఎక్కువ.

కత్తి తీసేముందు

డాల్ఫిన్లు, తిమింగలాలు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చచ్చిన తర్వాత కూడా అది ప్రభుత్వ ఆస్తే. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక పన్ను తీసుకున్నా నేరమే. ఆ అనుమతి కళేబరం దొరికాక తెచ్చుకుందామంటే కుదరదు, కాగితం వచ్చేసరికి కాలేయం నీరుగారిపోతుంది. ఏడాదికి సరిపడా అనుమతి ముందే తీసుకుని, రేంజి అధికారి నంబరు, పశువైద్యుడి నంబరు, నమూనాలు తీసుకునే ల్యాబు నంబరు ఒకే కాగితం మీద పెట్టుకోవాలి. ఈ కేసులో అవి ఉన్నాయి కాబట్టే కబురు అందిన నాలుగు గంటల్లో మొదటి కోత పడింది.

ఆ తొందరకు కారణం ఉంది. డాల్ఫిన్ కళేబరం పైన చూస్తే బాగానే కనబడుతుంది. చర్మం కింద ఉన్న బ్లబ్బర్, అంటే మందపాటి కొవ్వు పొర, ఒంటి వేడిని దుప్పటిలా లోపలే పట్టి ఉంచుతుంది. అందుకని కుళ్లు లోపలినుంచి మొదలవుతుంది. కళేబరం స్థితిని అయిదు మెట్లుగా లెక్కిస్తారు: బతికున్నది 1, తాజాగా చచ్చింది 2, ఓ మోస్తరుగా చెడింది 3, బాగా కుళ్లింది 4, ఎండిన తోలూ ఎముకలూ 5. మన కోస్తా ఎండలో 2 నుంచి 3కి జారడానికి ఒక్క పగలు చాలు. కొవ్వులో నిలిచే డీడీటీ (పాత పురుగుమందు), పీసీబీల (పాత కరెంటు పరికరాల నూనెల్లో వాడిన రసాయనాలు) పరీక్షకు 3వ మెట్టు కళేబరం కూడా పనికొస్తుంది. మెదడులో ఎంజైము కొలవాలన్నా, కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూడాలన్నా 2 దాటకూడదు. ఈ డాల్ఫిన్‌ను 2గా రాసి, వీపు చర్మం స్థితిని విడిగా నమోదు చేశారు.

ఒడ్డున ముందు చేయాల్సింది నీడ. వెదురు గెడలకు తడి గోనె సంచులు కట్టి నీడ చేశారు. నీలం టార్పాలిన్ కప్పబోతే వద్దన్నారు. ప్లాస్టిక్ నుంచి థాలేట్లు, అంటే దాన్ని మెత్తబరచడానికి కలిపే రసాయనాలు, అంటుకుంటాయి, పైగా దాని కింద వేడి పెరిగి కుళ్లు వేగమవుతుంది. అప్పటికే వాసన రాకుండా ఎవరో తోక దగ్గర డీజిలు చల్లారు. ఆ చోటును ఫొటో తీసి, అక్కడినుంచి నూనె సంబంధమైన పరీక్షలకు ఏదీ తీయలేదు. కళేబరం మీద ఎవరేం పోశారు, ఎక్కడ పట్టుకుని లాగారు, ఏ తాడు కట్టారు అన్నది మొదటి పది నిమిషాల్లోనే అడగాలి. తర్వాత అడిగితే తాడు గుర్తును వల గుర్తు అనుకునే ప్రమాదం ఉంది.

కోసేవాళ్లు ఒంటికి దోమల క్రీము రాసుకోకూడదు. మొగ దగ్గర దోమలు గట్టివే, అయినా పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి తప్ప క్రీము వద్దు. క్రీములోని రసాయనం నమూనాకు అంటుకుంటుంది. చుట్టలు, స్ప్రేలు కూడా వద్దు, వాటిలో ఉండే పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులే కొవ్వులో వెతికే మందుల్లోనూ ఉంటాయి. రెండు పొరల నైట్రైల్ గ్లవ్స్, ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు, గమ్ బూట్లు తప్పనిసరి. డాల్ఫిన్ల నుంచి బ్రూసెల్లా, ఎరిసిపెలోథ్రిక్స్ అనే బాక్టీరియాలు మనుషులకు అంటుకోగలవు. వేలు తెగితే అక్కడితో ఆ మనిషి పని ఆపి, సబ్బుతో కడిగి, ఆసుపత్రికి పోవాలి. గర్భిణులను, పిల్లలను గాలి వచ్చే వైపున, దూరంగా ఉంచాలి.

చావుకు కారణం

ఎడమ పక్క రెక్క ముందు అంచున, తోక రెక్క మొదట్లో, ముక్కు చుట్టూ దారం సైజు గీతలున్నాయి. కొన్ని చర్మాన్ని కోశాయి, కొన్ని అచ్చు మాత్రమే. ముక్కు మీద గీతలు ఒకదానికొకటి సమానదూరంలో, వల కన్ను ఆకారంలో పడ్డాయి. కోసిన గీతల కింద కొవ్వు ఎర్రగా కమిలి ఉంది. ప్రాణం ఉండగా పడ్డ గాయమని చెప్పేది ఆ కమిలిన ఎరుపే. చచ్చాక లాగితే పడే గీతల కింద కొవ్వు తెల్లగానే ఉంటుంది. శ్వాసనాళం పొడవునా తెల్లటి నురగ, ఊపిరితిత్తులు బరువుగా, ముదురు రంగులో ఉన్నాయి. పొట్ట మొదటి గదిలో సగం అరిగిన చేపలు, అప్పుడే మింగినట్టు పొలుసులతో ఉన్న చేపలు రెండూ ఉన్నాయి. గుండె, ప్లీహం, లింఫ్ గ్రంథులు కంటికి మామూలుగా కనిపించాయి.

నురగ ఒక్కటి చూసి వల అని రాయకూడదు. న్యుమోనియాలోనూ నురగ వస్తుంది. నిండిన పొట్ట, మంచి కొవ్వు, బతికుండగా పడ్డ వల గీతలు, వేరే జబ్బు లేకపోవడం, ఇవన్నీ కలిస్తేనే ఆ మాట నిలబడుతుంది.

వల ఎవరిదని ఎవరూ అడగలేదు. అది ముందే అనుకున్న పద్ధతి. గుంపు పలచబడ్డాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "రాత్రి వల లాగుతుంటే బరువుగా వచ్చిందండి. చూసేసరికి ఇది. అప్పటికే పోయిందండి, ఏం చెయ్యమంటారు" అన్నాడు. వల వేసిన లోతు, కన్ను సైజు, వేసిన వేళ, తీసిన వేళ ఆయనే చెప్పాడు. కేసు పెడతారన్న భయం ఉన్న ఊళ్లో డాల్ఫిన్ ఒడ్డుకు రాదు. రెక్కలకు రాయి కట్టి నీళ్లలోనే ముంచేస్తారు. అప్పుడు చావు లెక్కా పోతుంది, కొవ్వు లెక్కా పోతుంది. ఊరి పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం ఇదే.

కొవ్వు ముక్క తీయడం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. వీపు రెక్క వెనక అంచుకు సూటిగా కిందికి, ఒంటి పక్క మధ్యలో, ఎడమ వైపు చోటు ఎంచుకోవాలి. ఎప్పుడూ అదే చోటు. ఒంట్లో ఒక్కో చోట కొవ్వు నూనె శాతం ఒక్కోలా ఉంటుంది కాబట్టి చోటు మారితే పాత జంతువులతో పోల్చడం కుదరదు. 10 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు దీర్ఘచతురస్రం గీసి, చర్మం మొదలు కింది కండ దాకా నిట్టనిలువుగా కోయాలి. కత్తి వాలితే లోపలి పొర తక్కువ వస్తుంది. బ్లబ్బర్ ఒకే రకం కొవ్వు కాదు. కండకు ఆనుకున్న లోపలి పొరను ఒళ్లు రోజూ వాడుకుంటుంది, చర్మం వైపు పొర నెమ్మదిగా మారుతుంది. బయటి సగమే తీసుకుంటే మందుల లెక్క ఒకలా, మొత్తం మందం తీసుకుంటే ఒకలా వస్తుంది.

పక్క నుంచి చూస్తే ఆ ముక్క పైన నల్లటి చర్మం గోరంత మందం, దాని కింద లేత గులాబీ తెలుపులో గట్టి కొవ్వు, కింద కండకు అంటిన చోట కాస్త మెత్తగా, పసుపు తేలి ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే కొవ్వు 19 మి.మీ. ముక్క కోసిన వెంటనే, కిందపెట్టకుండా కొలవాలి. నేల మీద పెడితే అది సాగి, అంకె తగ్గుతుంది. వీపు మీద, పొట్ట కింద కూడా ఇలాగే కొలిచి మూడు అంకెలూ రాశారు. ఇసుక అంటిందని ముక్కను సముద్రపు నీళ్లతో కడగబోయిన చేతిని ఆపాల్సి వచ్చింది. కడగకూడదు. అంచులు అర సెంటీమీటరు చెక్కి పారేస్తే చాలు.

ముక్కను మూడుగా చేశారు. మూడింటికీ చర్మం నుంచి కండ దాకా మొత్తం మందం ఉండాలి. అడ్డంగా పొరలుగా కోస్తే మూడూ మూడు వేర్వేరు నమూనాలైపోతాయి. అల్యూమినియం ఫాయిల్‌ను ల్యాబులోనే ఎసిటోన్, తర్వాత హెక్సేన్‌తో కడిగి ఆరబెట్టి, మడిచి తెచ్చుకోవాలి. బజార్లో కొన్న చుట్టను అలాగే వాడితే తయారీలో రాసిన నూనె పూత అంటుకుంటుంది. ఫాయిల్ లోపల కొవ్వు, ఫాయిల్ బయట జిప్ సంచి, ఆ రెండిటి మధ్య పెన్సిలుతో రాసిన చీటీ. మార్కర్ పెన్ను ఇంకు కొవ్వు నూనెకు కరిగిపోతుంది.

లోహాల నమూనాలకు పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ ఫాయిల్ పనికిరాదు, యాసిడ్‌తో కడిగిన పాలిథీన్ సంచులే వాడాలి. స్టీలు కత్తితో కోసిన ముఖాన్ని సెరామిక్ కత్తితో మళ్లీ చెక్కి, లోపలి భాగం తీసుకోవాలి. స్టీలులోంచి క్రోమియం, నికెల్ వస్తాయి. పాదరసానికి ఆ బెడద లేదు గానీ అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టుకుంటే పొరపాటుండదు. కాలేయం, మూత్రపిండం, వీపు కండ ఒక్కోటి 50 గ్రాములు. కాలేయం ఎప్పుడూ ఒకే తమ్మె నుంచి తీయాలి, పైత్యరసం అంటకూడదు. డాల్ఫిన్‌కు పిత్తాశయం లేకపోయినా పెద్ద నాళాల్లో రసం ఉంటుంది.

మైక్రోస్కోపు పరీక్షకు ఫార్మలిన్ సీసాలోకి వెళ్లే ముక్కలు 1 సెం.మీ. మందం దాటకూడదు. ముక్క ఒక వంతైతే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ పది వంతులు. ముద్దలాంటి లింఫ్ గ్రంథిని మొత్తంగా వేస్తే మధ్యలోకి మందు చేరక అది లోపలే కుళ్లుతుంది. ఫార్మలిన్ సీసాను ఐసు పెట్టెలో పెట్టకూడదు. కొవ్వు సంచుల పక్కన పెట్టడం అసలే కూడదు, ఆవిరి పడుతుంది. ఊపిరితిత్తి, లింఫ్ గ్రంథి, మెదడు చిన్న ముక్కలు మోర్బిల్లి వైరస్ (తట్టు వైరస్ జాతిది) పరీక్షకు విడిగా వెళ్లాయి. పీసీబీ ఎక్కువున్న జంతువుకు రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి అంటుజబ్బు ఉందో లేదో తెలియకుండా మందుల అంకెకు అర్థం చెప్పలేం. బ్రిటన్ తీరంలో హార్బర్ పోర్పాయిస్‌ల (డాల్ఫిన్‌ను పోలిన చిన్న జంతువులు) మీద ఏళ్ల తరబడి చేసిన పనిలో, వలల్లో, దెబ్బల్లో పోయినవాటి కన్నా అంటుజబ్బులతో పోయినవాటి కొవ్వులో పీసీబీ ఎక్కువ కనిపించింది. ఆ పోలిక వీలైందీ వలలో పోయిన ఆరోగ్యవంతమైనవాటిని కూడా పక్కన పెట్టి చూశారు కాబట్టే.

పొట్టను రెండు కొసలా దారంతో కట్టి, మొత్తంగా తీసి పళ్లెంలో కోశారు. అరిగిపోయిన తిండిలో మిగిలేవి చేపల చెవి రాళ్లు. గొరక చేప చెవి రాయి బొద్దుగా, గోరంత ఉంటుంది, నలిపి చూసినా చేతికి తగులుతుంది. అవి 70 శాతం ఆల్కహాలులో. ఏ చేప తింటోందో తెలిస్తే అదే చేపను రేవులో కొని పరీక్షించవచ్చు. ఆ చేప మనుషుల కూరలోకీ వస్తోంది కాబట్టి ఈ ఒక్క అడుగు ఊరికి బాగా అర్థమవుతుంది, అడిగి మరీ సాయం చేస్తారు.

పాలు

పొట్ట కింద పాలగ్రంథిని కోయగానే పాలు కారాయి. చిక్కగా, మీగడ రంగులో ఉన్నాయి. అక్కడినుంచి కేసు దారి మారింది.

డీడీటీ, పీసీబీల్లాంటి కొవ్వులో కరిగే మందులు ఆడ డాల్ఫిన్ ఒంట్లోంచి పోయే పెద్ద దారి పాలే. డాల్ఫిన్ పాలు చాలా కొవ్వు పాలు. తొలి కాన్పులో తల్లి అప్పటిదాకా పోగుచేసుకున్న బరువులో ఎక్కువ భాగం మొదటి పిల్లకు దిగిపోతుంది. మగదానికి ఈ దారి లేదు. అందుకే మగవాటిలో వయసుతో పాటు అంకె పెరుగుతూ పోతుంది, ఆడవాటిలో ఈడు వచ్చేదాకా పెరిగి కాన్పులతో పడిపోతుంది. పాలిస్తున్న తల్లి కొవ్వులో తక్కువ అంకె కనిపిస్తే సముద్రం శుభ్రంగా ఉందని రాసేయడం ఈ పనిలో జరిగే పెద్ద తప్పు. ఆ బరువు పిల్లలోకి పోయింది, అంతే.

హెక్సేన్‌తో కడిగిన గాజు సీసాలోకి 20 మి.లీ. పాలు పిండి తీశారు, సీసా మూత లోపల ఫాయిల్ పెట్టి. పాలగ్రంథి ముక్క ఫార్మలిన్‌లోకి. రెండు అండాశయాలూ ఏది ఎడమో ఏది కుడో రాసి విడివిడిగా తీశారు. ముక్కలుగా కోసి చూస్తే ఎడమదాంట్లో పాత మచ్చలు మూడు కనిపించాయి. అండం విడుదలైనప్పుడు మిగిలే మచ్చలివి. మూడు మచ్చలంటే మూడు కాన్పులని కాదు, తొలి కాన్పు పిల్ల మాత్రం కాకపోవచ్చని ఊహించడానికి ఆధారం. కింది దవడ ఎడమ వైపు మధ్యలోంచి నాలుగు పళ్లు తీశారు. పన్నును కాల్షియం పోగొట్టి, సన్నటి పొరలుగా కోసి, రంగు వేసి చూస్తే చెట్టు మానులా వలయాలు కనబడతాయి, ఏడాదికి ఒకటి లెక్క. పన్ను తీయడానికి చిగురు చుట్టూ కోసి ఎలివేటర్ అనే పళ్ల డాక్టరు పనిముట్టుతో లేపాలి. పటకారుతో లాగితే వేరు కొస విరిగి, ముసలి జంతువైతే చివరి వలయాలు లెక్కకు రావు.

రేవులో, చుట్టుపక్కల పడవలవాళ్లకు ఆ సాయంత్రమే చెప్పారు: ఒంటరిగా తిరిగే పిల్ల కనబడితే కబురు చేయమని, దాని వెంట పడొద్దని. పది రోజుల దాకా ఏ పడవకూ కనిపించలేదు.

ఐసు, కరెంటు, ల్యాబు

చేపల రేవులో దొరికే చిప్స్ ఐసు, థర్మాకోల్ పెట్టె చాలు, ఊరు దాటి ల్యాబు చేరేదాకా. ఐసు కరిగిన నీళ్లు సంచుల్లోకి పోకుండా పెట్టె అడుగున వెదురు తడక వేశారు. మెదడు ముక్క మాత్రం డ్రై ఐసులో, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో, వెళ్లాలి. దారిలో ఒక ఊళ్లో రాత్రి ఫ్రీజర్‌లో పెట్టగా కరెంటు పోయింది. ఫ్రీజర్‌లో గడ్డ కట్టిన నీళ్ల గ్లాసు మీద ముందే ఒక రూపాయి బిళ్ల పెట్టి ఉంచారు. తెల్లారి చూస్తే బిళ్ల మంచు లోపలికి దిగి ఉంది. నమూనాలు కరిగి మళ్లీ గడ్డకట్టాయన్నమాట. కొవ్వుకు, లోహాలకు దానివల్ల పెద్ద నష్టం లేదు. మెదడు ఎంజైము పరీక్షను మాత్రం అక్కడితో వదిలేశారు. ఆ అంకె వచ్చినా నమ్మడానికి లేదు.

అది పెద్ద నష్టమే. చేలల్లో చల్లే ఆర్గానోఫాస్ఫేట్లు అనే పురుగుమందులు కొవ్వులో నిలవవు, త్వరగా విరిగిపోతాయి. వాటి దెబ్బ తెలుసుకోవాలంటే మెదడులో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైము ఎంత తగ్గిందో చూడాలి. నేల మీది క్షీరదాలకు రక్తంలో పీఓఎన్-1 అనే ఎంజైము ఉండి ఆ మందుల విషరూపాన్ని విరగ్గొడుతుంది. తిమింగలాలు, డాల్ఫిన్ల పూర్వీకులు ఆ జన్యువును ఎప్పుడో పోగొట్టుకున్నాయని 2018లో తేలింది. పొలం గట్టు మీది గేదెకు ఉన్న కవచం మొగలోని డాల్ఫిన్‌కు లేదన్నమాట. సార్వాలో (మొదటి పంటలో) మందులు కొట్టే వారాల్లో, డ్రైన్లు నిండి పారే రోజుల్లో దొరికే తాజా కళేబరానికి మెదడు నమూనా మొదట తీయాలని, డ్రై ఐసు లేకుండా బయల్దేరకూడదని ఈ కేసు తర్వాత పద్ధతి మార్చారు.

ల్యాబులో కొవ్వును సోడియం సల్ఫేట్‌తో నూరి నీరు లాగేసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో సాల్వెంటుతో నూనె తీస్తారు. ఆ నూనెలో కొంత భాగాన్ని తూచి, ఎండబెట్టి మళ్లీ తూచి నూనె శాతం కడతారు. మిగిలింది శుద్ధిచేసి జీసీ-ఎంఎస్‌లో, అంటే రసాయనాలను విడదీసి గుర్తుపట్టే యంత్రంలో, పెడతారు. ప్రతి విడతలో ఒక ఖాళీ నమూనా, ఒక నకలు, తిమింగలం కొవ్వుతో తయారైన ఎస్‌ఆర్‌ఎం 1945 లాంటి ప్రామాణిక నమూనా ఒకటి నడవాలి. ఆ ప్రామాణికం అంకె సర్టిఫికెట్‌లోని అంకెకు దగ్గరగా రాకపోతే మిగతా కాగితమంతా పక్కన పెట్టాల్సిందే. ఒడ్డున కోత జరిగినంతసేపూ గాలికి తెరిచి ఉంచిన ఖాళీ ఫాయిల్‌ను కూడా ఇదే విడతలో నడిపారు. అందులో థాలేట్లు కనబడ్డాయి. దాంతో థాలేట్ల ఫలితాలు మొత్తం కొట్టేశారు. గ్లవ్స్ పెట్టె నుంచో, టార్పాలిన్ నుంచో వచ్చి ఉండాలి. ఆ ఖాళీ ఫాయిల్ లేకపోయుంటే అది డాల్ఫిన్ ఖాతాలో పడేది.

అంకెలు చదవడం

ఈ జంతువు అంకెలు అటవీ శాఖకు ఇచ్చిన నివేదికలో ఉన్నాయి, ఇక్కడ రాయడం లేదు. ఒక పాలిచ్చే తల్లి అంకె పేపరుకెక్కితే అది గోదావరి మొగలన్నిటి మీద తీర్పుగా చదువుతారు. ఎక్కువైతే భయం, తక్కువైతే నిశ్చింత, రెండూ తప్పే. చదివే పద్ధతి మాత్రం చెప్పాలి.

మొదట, తడి బరువు అంకెను ఎప్పుడూ ఒంటరిగా చూడకూడదు. ఉదాహరణకి కొవ్వు ముక్కలో పీసీబీ కిలోకు 6 మిల్లీగ్రాములు అనుకుందాం. నూనె 65 శాతం ఉంటే నూనె లెక్కన అది 9.2. చిక్కిపోయిన జంతువై నూనె 25 శాతమే ఉంటే అదే 6 కాస్తా 24 అవుతుంది. పీసీబీకి పరిశోధకులు వాడే హద్దు గీతలు నూనె లెక్కలోనే ఉన్నాయి: ఒంట్లో మార్పులు మొదలయ్యే చోటుగా కిలోకు 9 మిల్లీగ్రాములు, అంతకు ముందునుంచీ వాడుతున్న 17, బాల్టిక్ సముద్రపు రింగ్డ్ సీళ్లలో గర్భాశయం దెబ్బతినడాన్ని బట్టి వచ్చిన 41. ఏ గీతతో పోల్చినా ఎన్ని పీసీబీ రకాలు కలిపి ఆ మొత్తం కట్టారో చూడాలి. ఏడు రకాల మొత్తాన్ని, పాతిక రకాల మొత్తాన్ని ఒకే గీత పక్కన పెట్టకూడదు.

డీడీటీ విషయంలో మొత్తం కన్నా దాని లోపలి వాటాలు ఎక్కువ చెబుతాయి. డీడీటీ ఒంట్లో, మట్టిలో విరిగి డీడీఈ అవుతుంది. మొత్తంలో డీడీఈ వాటా 0.6 దాటితే అది పాత డీడీటీ, కొత్తగా చేరుతున్నది తక్కువ అని చదువుతారు. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీని 1989లో ఆపారు, దోమల నివారణకు వాడకం ఆ తర్వాతా సాగింది. సాంకేతిక హెచ్‌సీహెచ్ 1997లో, ఎండోసల్ఫాన్ 2011లో ఆగాయి, ఇవీ పురుగుమందులే. 1990ల మొదట్లో తమిళనాడు తీరపు డాల్ఫిన్ల కొవ్వు పరీక్షించినప్పుడు పీసీబీ కన్నా డీడీటీ గుంపే ఎక్కువ కనబడింది. ఫ్యాక్టరీల దేశాల డాల్ఫిన్లలో తరచూ పీసీబీ ముందుంటుంది. మన తీరంలో ముందు చూడాల్సిన వరస అందుకే వేరు. డెల్టా ఒండ్రులో పాత మందులు బురదకు అంటుకుని ఉంటాయి. వరదకు, డ్రెడ్జింగుకు ఆ బురద లేచినప్పుడు అవీ మళ్లీ నీళ్లలోకి వస్తాయి.

పాదరసం అంకె చూసి హడలిపోయే ముందు సెలీనియం అంకె చూడాలి. డాల్ఫిన్ కాలేయం పాదరసాన్ని సెలీనియంతో జతకట్టి హాని తక్కువ గల రేణువులుగా దాచుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ నిల్వ పెరుగుతుంది. లెక్క బరువుల్లో కాక మోల్స్‌లో, అంటే పరమాణువుల సంఖ్యలో, కట్టాలి. కాలేయంలో పాదరసం కిలోకు 20 మిల్లీగ్రాములు, సెలీనియం 8 అనుకుంటే, 20ని 200.6తో భాగిస్తే 0.0997, 8ని 78.97తో భాగిస్తే 0.1013. దాదాపు సరిసమానం, అంటే జత కుదిరింది. అదే సెలీనియానికి పాదరసం 30 ఉంటే నిష్పత్తి 1.48 అవుతుంది, జతలేని పాదరసం మిగిలి ఉందని అనుమానించాలి. కండలో లెక్క వేరు, అక్కడ ఉండేది ఎక్కువగా మిథైల్ పాదరసమే. అందుకే కాలేయం, కండ రెండూ తీయాలి.

ఈ కేసులో పాల అంకె, కొవ్వు అంకె రెండూ నూనె లెక్కకు మార్చి పక్కపక్కన పెట్టారు. పిల్లకు రోజూ ఎంత దిగిందో ఊహించడానికి అదొక్కటే ఆధారం. నివేదికలో ఆ వాక్యం పక్కనే ఆడది, పాలిస్తోంది, బ్లబ్బర్ పక్కన 19 మి.మీ., వలలో మరణం, స్థితి 2 అని రాశారు. ఈ అయిదు మాటలు లేకుండా ఆ అంకెను ఎక్కడా వాడొద్దని కింద గీత గీశారు.

కళేబరాన్ని పోటు గీతకు బాగా పైన, బావులకూ చెరువుల తూములకూ దూరంగా, మనిషి లోతు గోతిలో పూడ్చారు. తల మాత్రం అనుమతి ప్రకారం విడిగా, జీపీఎస్ గుర్తు పెట్టి, వలకన్ను గుడ్డలో చుట్టి పూడ్చారు, ఏడాది తర్వాత పుర్రె తీయడానికి. మూడు కొవ్వు ముక్కల్లో రెండు ల్యాబు వాడుకుంది. మూడోది ఫాయిల్ విప్పకుండా మైనస్ 80 డిగ్రీల్లో ఉంది, పైరిత్రాయిడ్లకు ఖాళీ ఫాయిల్ శుభ్రంగా వచ్చే పద్ధతి కుదిరాక తీయాలని చీటీ మీద పెన్సిలుతో రాసి.